మిక్స్‌డ్ ఇన్ కీ: మన పెళ్లిళ్ల డీజేకి పనికొస్తుందా?

తీర్పు ముందే చెప్పేస్తాను. ఒక పాట ఆపి ఇంకో పాట వేసే డీజే అయితే, పాట కీ (ఏ స్వరం షడ్జమంగా, ఏ స్కేలులో ఉందో) కనిపెట్టి చెప్పే సాఫ్ట్‌వేర్ ‘మిక్స్‌డ్ ఇన్ కీ’ మీద రూపాయి కూడా పెట్టొద్దు. రెండు పాటలు అర నిమిషమో, ముప్పావు నిమిషమో కలిసి మోగేలా మిక్స్ చేసేవాళ్ళయితే, హార్డ్ డిస్క్ నిండా పాటలుంటే, కొనొచ్చు. ఈ రెండింటికీ మధ్యన ఉన్నవాళ్ళకు, పాటలు మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్ రికార్డ్‌బాక్స్ ఉచితంగా చూపించే కీ సరిపోతుంది. నేనైతే కొన్నాను, వాడుతున్నాను, రేపు లాప్‌టాప్ మార్చినా అందులోకి ఎక్కిస్తాను. కానీ అది చెప్పిన ప్రతి మాటా నమ్మను. ఎక్కడ నమ్ముతానో, ఎక్కడ నమ్మనో చెప్పడానికే ఇంత రాస్తున్నాను. దీని మీద నెట్‌లో దొరికే రివ్యూలు దాదాపు అన్నీ హౌస్, టెక్నో లాంటి క్లబ్ డాన్స్ సంగీతం వాయించేవాళ్ళవి. నిమిషం పాటు ఉత్త డ్రమ్స్‌తో మొదలయ్యే పాటలు వాళ్ళవి. మన పాటల్లో పది సెకన్లు తిరక్కుండానే గొంతు వచ్చేస్తుంది.

మాది ఖమ్మం. సంగీత్, హల్దీ, రిసెప్షన్, బరాత్, ఏది పిలిచినా వెళ్తాను. సూర్యాపేట వైపు వెళ్తే తీన్మార్ పడేదాకా కుర్చీల్లోంచి లేవరు. బెజవాడ వైపు వెళ్తే పాత మెలొడీలు అడుగుతారు. మధ్యలో అమెరికా నుంచి వచ్చిన పెళ్లికొడుకు స్నేహితులు ఇంగ్లీషు పాటలు కావాలంటారు. చిన్నప్పుడు కొన్నేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను, కాబట్టి రెండు పాటలు కలిసినప్పుడు శ్రుతి తగాదా పడితే నాకు వెంటనే పళ్ళు పులుస్తాయి. డాన్స్ చేసేవాళ్ళు ‘శ్రుతి కలవలేదు’ అనరు. ఊరికే కాసేపు ఊగడం మానేసి చుట్టూ చూస్తారు, నీళ్ళ బాటిల్ కోసం వెళ్తారు. ఎందుకు ఆగామో వాళ్ళకూ తెలియదు.

ఇంతకీ ఈ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే, పాటలు వాయించదు, మిక్స్ చేయదు. పాటల ఫోల్డర్‌ను దాని మీదకు లాగి వదిలితే ఒక్కో ఫైలునూ విని దాని కీ ఏమిటో, బీపీఎం (నిమిషానికి పడే దెబ్బలు) ఎంతో, ఎనర్జీ ఒకటి నుంచి పదిలో ఎంతో చెబుతుంది. పాటకు ఎనిమిది దాకా క్యూ పాయింట్లు (నొక్కగానే పాట అక్కడికి దూకే గుర్తులు) కూడా పెడుతుంది. ఆ వివరాలు ఫైలు ట్యాగ్‌లో రాసేస్తుంది కాబట్టి తర్వాత రికార్డ్‌బాక్స్‌లో తెరిచినా, దాని లాంటిదే అయిన సెరాటోలో తెరిచినా కనిపిస్తాయి. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. 2006లో వచ్చింది, అప్పటికి డీజే సాఫ్ట్‌వేర్లు కీ చూపించడం మామూలు సంగతి కాదు. ఫైలు మీ దగ్గర ఉంటేనే పని. స్ట్రీమింగ్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు యాప్ తాళంలోనే ఉంటాయి, వాటిని ఇది చదవలేదు.

కీని ఇది ‘ఎ మైనర్’ అని కాకుండా 8ఎ అని చూపిస్తుంది. దీన్ని కేమలాట్ చక్రం అంటారు, మార్క్ డేవిస్ అనే ఆయన తయారు చేసింది. గడియారంలో లాగా 1 నుంచి 12 దాకా అంకెలుంటాయి. అంకె పక్కన ఎ ఉంటే మైనర్, బి ఉంటే మేజర్. మొత్తం 24 కీలు. నియమం చాలా చిన్నది: 8ఎ పాట మీదకు 8ఎ, 7ఎ, 9ఎ, 8బి పాటల్లో ఏదైనా ఎక్కించొచ్చు. సంగీతం రాకపోయినా అంకెలు వస్తే చాలు. ట్రాక్టర్ అనే డీజే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు ఇదే చక్రం ఓపెన్ కీ అనే ఇంకో లెక్కలో కనిపిస్తుంది. ఇక్కడ 8బి అయిన సి మేజర్ అక్కడ 1డి. రెండూ కలిపి చూస్తే తల తిరుగుతుంది, ఒక్కటే పట్టుకోండి.

ఈ పక్కపక్క అంకెలు ఎందుకు కలుస్తాయో ఇంగ్లీషు వీడియోల్లో ‘సర్కిల్ ఆఫ్ ఫిఫ్త్స్’ అని మొదలుపెట్టి చంపుతారు. మనవాళ్ళకు ఇంకా సులువుగా చెప్పొచ్చు. కీబోర్డు మీద సి షడ్జమం చేసుకుని శంకరాభరణం వాయించండి. అన్నీ తెల్ల మెట్లే. అది 8బి. ఇప్పుడు శుద్ధ మధ్యమం తీసేసి ప్రతి మధ్యమం పెట్టండి, కల్యాణి అయింది. ఆ ఏడు స్వరాలూ జి మేజర్ స్వరాలే, అంటే 9బి. మళ్ళీ శంకరాభరణానికి వచ్చి ఈసారి కాకలి నిషాదం బదులు కైశికి నిషాదం పెట్టండి, హరికాంభోజి. ఆ స్వరాలు ఎఫ్ మేజర్‌వి, 7బి. ఆ తెల్ల మెట్ల మీదే సి బదులు ఎ ని షడ్జమం చేసుకుంటే నఠభైరవి, అది 8ఎ. అంటే చక్రంలో ఒక అడుగు పక్కకు జరిగితే ఏడింట్లో ఒక్క స్వరం మారుతుంది, ఆరు స్వరాలు అలాగే ఉంటాయి. అంకె అదే ఉండి అక్షరం మారితే స్వరాలన్నీ అవే, ఆధార షడ్జమం మాత్రం మారుతుంది. గ్రహభేదం తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

వింతేమిటంటే, సి నుంచి సి షార్ప్‌కు, అంటే ఒకటో శ్రుతి నుంచి ఒకటిన్నరకు, చెవికి కాస్తే తేడా. చక్రంలో మాత్రం అది 8 నుంచి 3కు గెంతు. రెండు స్కేళ్ళకూ కలిసే స్వరాలు రెండే. ఒకదాని మీద ఒకటి మోగిస్తే కీచులాటే. ఒక పాటను పూర్తిగా దించేసి అర శ్రుతి పైన ఇంకో పాట మొదలుపెడితే మాత్రం జనానికి ఒక్కసారిగా ఊపొస్తుంది. సినిమా పాటల్లో ఆఖరి చరణానికి స్కేలు పెంచుతారే, అదే పని. కాబట్టి ఏడు అంకెలు కలిపి గెంతడం (8ఎ నుంచి 3ఎ) ఊపు పెంచడానికి పనికొస్తుంది, ఒక్కటే షరతు, రెండు రాగాలూ ఒకేసారి మోగకూడదు.

ఇక టెంపో. కీ గురించి మాట్లాడి టెంపో వదిలేస్తే సగమే చెప్పినట్టు. టర్న్‌టేబుల్ రోజుల్లో ఈ రెండూ ఒకదానికొకటి కట్టేసి ఉండేవి. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 మీద పిచ్ స్లైడర్ ఎనిమిది శాతం పైకీ కిందికీ కదిలేది. ప్లేటు వేగంగా తిరిగితే పాట వేగమూ పెరిగేది, శ్రుతీ పెరిగేది. లెక్క ఏమిటంటే దాదాపు ఆరు శాతానికి అర శ్రుతి. 125 బీపీఎం పాటను 128కి లాగితే 2.4 శాతమే, కానీ శ్రుతి అర శ్రుతిలో ఐదింట రెండు వంతులు పైకి పోతుంది. అది ఏ కీలోనూ ఉండదు, రెండు మెట్ల మధ్య సందులో ఉంటుంది. ఇప్పుడు మాస్టర్ టెంపో బటన్ నొక్కితే వేగం మారినా శ్రుతి మారదు. చాలామంది కుర్ర డీజేలు అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోరు. అది ఆఫ్‌లో ఉంటే ఈ సాఫ్ట్‌వేర్ రాసిపెట్టిన కీలన్నీ ఉత్త అంకెలే, వేగం కాస్త మార్చగానే పనికిరావు.

ఆఫ్‌లో పెట్టడమే మంచిదైన చోటూ ఉంది. 100 బీపీఎంలో 1ఎ పాట ఒకటుంది, ఇప్పుడు మోగుతున్నది 106లో 8ఎ అనుకుందాం. మాస్టర్ టెంపో తీసేసి ఆరు శాతం పెంచితే వేగం 106 అవుతుంది, జి షార్ప్ మైనర్ కాస్తా ఎ మైనర్ అవుతుంది. ఒకే స్లైడర్‌తో రెండూ కలిశాయి. గొంతు కొంచెం సన్నబడుతుంది, డాన్స్ పాటకు అది తప్పేమీ కాదు. మాస్టర్ టెంపో పెట్టి ఎక్కువ లాగితే మాత్రం గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు అవుతుంది. నాదస్వరం, వయొలిన్ ఉన్న పాటల్లో అది ఇంకా ముందే దొరికిపోతుంది. నాలుగైదు శాతం దాటకుండా చూసుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి, మన పాటల మీద ఇది ఎలా పనిచేస్తుంది? కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుత్తులు) మీద కట్టిన ఈ కాలపు పాటలకు, ముఖ్యంగా సింథ్, బేస్ స్పష్టంగా ఉన్న మాస్ పాటలకు, దీని మాట నాకు బాగానే నిలబడింది. మధ్యలో స్కేలు మారే పాటకు రెండు కీలు చూపిస్తుంది, అదీ మంచిదే. ఏ భాగంలో ఏ కీ ఉందో మనం విని తేల్చుకోవాలి.

కొన్నిసార్లు అది చెప్పిన కీ, నా చెవి చెప్పిన కీ వేరుగా ఉంటాయి, అయినా మిక్స్ బాగుంటుంది. దీనికి మోహనం మంచి ఉదాహరణ. సి షడ్జమంగా మోహనం స్వరాలు ఐదు: సి, డి, ఇ, జి, ఎ. ఈ ఐదూ సి మేజర్‌లో ఉన్నాయి, జి మేజర్‌లో ఉన్నాయి, ఎఫ్ మేజర్‌లోనూ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ 8బి అన్నా, 9బి అన్నా, 7బి అన్నా నష్టం లేదు, అన్నీ ఇరుగుపొరుగే. అదే స్వరాలను ఎ నుంచి చూస్తే శుద్ధ ధన్యాసి, 8ఎ అంటుంది. డి నుంచి మధ్యమావతి, ఇ నుంచి హిందోళం. జనం నోళ్ళలో తిరిగే పాటలు చాలా వరకు ఈ అయిదు స్వరాల చుట్టూ ఉంటాయి కాబట్టి మనకు ఈ విషయంలో అదృష్టమే. జానపదాల్లో అయితే స్వరాలు ఇంకా తక్కువ, దేని మీదైనా కూర్చుంటాయి.

చిక్కు మాయామాళవగౌళ దగ్గర వస్తుంది. ఈ సాఫ్ట్‌వేరే కాదు, మేజర్, మైనర్ అని రెండే రకాలు తెలిసిన ఏ కీ డిటెక్షన్‌కైనా వస్తుంది. 24 గూళ్ళ బీరువా చేతికిచ్చి అన్ని బట్టలూ వీటిలోనే సర్దాలంటే పట్టుచీర కూడా ఏదో ఒక గూట్లో దూర్చాల్సిందే. శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం కలిసి ఉన్న స్కేలు ఆ 24లో లేదు. సి షడ్జమంగా ఉన్న అలాంటి పాటను అది ఎఫ్ మైనర్ అనొచ్చు, సి మేజర్ అనొచ్చు, సి మైనర్ అనొచ్చు. చక్రంలో అవి 4ఎ, 8బి, 5ఎ. ఏది నమ్మి పక్క పాట ఎంచుకున్నా రిషభం దగ్గరో, ధైవతం దగ్గరో కొట్టుకుంటుంది. చక్రవాకంలో పాటలదీ ఇదే కథ. భక్తి పాటలు, పెళ్లి తంతు మీద పాత పాటలు ఇలాంటివి చాలా ఉంటాయి. వాటికి నేను కీ పట్టించుకోను. ముందు పాట పూర్తిగా దించి, డప్పు లూప్ ఒకటి నాలుగు బార్లు (ఆవర్తాలు) మోగించి, దాని మీంచి కొత్త పాట మొదలుపెడతాను. డప్పుకు కీ గొడవ లేదు.

పాత పాటలది ఇంకో రకం. డెబ్భైలు, ఎనభైలలో ఆర్కెస్ట్రా అంతా కూర్చుని ఒకేసారి వాయించి రికార్డ్ చేసిన పాటల్లో మెట్రోనోమ్ లేదు, పల్లవికీ చరణానికీ వేగం కొద్దిగా మారుతుంది. టేపు మీంచి, ప్లేటు మీంచి కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ఆ యంత్రం ఎంత వేగంగా తిరిగితే శ్రుతి అంత జరిగిపోయింది. అలాంటి పాట సి కీ, సి షార్ప్‌కీ మధ్య ఉంటే సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి చెప్పి ఊరుకుంటుంది, తప్పు దానిది కాదు. నేను చేసే పరీక్ష తేలిక. ఫోన్‌లో తంబురా యాప్ తెరిచి, అది చెప్పిన కీకి పెట్టి, పాట పక్కన మోగిస్తాను. షడ్జమ పంచమాలు రెండూ పాటలో కలిసిపోతే కీ సరే. కలవకపోతే తంబురాను పైకీ కిందికీ జరిపి చూస్తాను. తంబురా తెలియనివాళ్ళకు సాఫ్ట్‌వేర్‌లోనే పియానో మెట్లు ఇచ్చారు, పాట మోగుతుండగా నొక్కి చూసుకోవచ్చు. నాకు మాత్రం తంబురాతోనే వేగంగా తేలుతుంది, అలవాటు కదా.

బీపీఎం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. నాలుగు దెబ్బల పాటకు ఏ సాఫ్ట్‌వేరైనా సరిగ్గానే చెబుతుంది, మహా అయితే 70ని 140 అంటుంది, అది సగం చేసే బటన్ నొక్కితే సరి. తీన్మార్ దగ్గర మాత్రం ఏ కౌంటరైనా తడబడుతుంది, ఎందుకంటే మూడేసి దెబ్బల గుత్తులు. కాలు పడేది నిమిషానికి 110 సార్లయితే కౌంటర్ 165 అని చూపించొచ్చు, 73 అనొచ్చు. అంటే ఒకటిన్నర రెట్లు, లేదా మూడింట రెండు వంతులు. ఆ అంకె నమ్మి, రెండు పాటల వేగం తనంతట కలిపే సింక్ బటన్ నొక్కితే బరాత్ ఆగిపోతుంది. తీన్మార్ పాటలన్నీ ఒక ఫోల్డర్‌లో వేరుగా పెట్టుకుని, కాలు ఆడిస్తూ ట్యాప్ బటన్‌తో బీపీఎం చేత్తో రాసుకోవడం తప్ప వేరే దారి లేదు. ఒకసారి అది సరిచేసుకుంటే మాత్రం మజా ఉంటుంది. 110 తీన్మార్ మీంచి 110 మామూలు బీట్‌కు కాలి దెబ్బ మారకుండా దిగొచ్చు, జనం ఆగరు, నడక మాత్రం మారుతుంది.

ఫైళ్ళ గురించి ఒక మాట. ఒకే పాట నా దగ్గర రెండు కాపీలు ఉంటే రెండింటికీ వేరే కీలు, వేరే బీపీఎంలు వచ్చాయి. వెతికితే తేలిందేమిటంటే, ఒకటి ఎవరో కాపీరైట్ కంటపడకుండా వేగం పెంచి అప్‌లోడ్ చేసిన దాన్నుంచి తీసింది. సినిమా పేరు తర్వాత సైట్ పేరు కూడా టైటిల్‌లో అంటించి ఉంటుందే, ఆ బాపతు. పాట కొని వాడేవాళ్ళకు ఈ బాధ లేదు. ఫ్రీ ఫైళ్ళతో ఈ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టడం నాకైతే విడ్డూరంగానే అనిపిస్తుంది. ముందు ఆ డబ్బుతో మంచి ఫైళ్ళు కొనండి.

ఎనర్జీ అంకె గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. ఐదూ ఆరూ ఉన్నవి భోజనాల టైముకు, ఏడు పైన ఉన్నవి ఫ్లోర్‌కు అని మొదటి వడపోతకు బాగుంది. కానీ మన జనానికి ఎనర్జీ పాట శబ్దంలో కంటే హీరోలో ఎక్కువ ఉంటుంది. ఏ అంకె వచ్చినా వాళ్ళ హీరో పాట పడితే అది పదే. ఆటోమేటిక్ క్యూ పాయింట్లు నేను తీసేస్తాను. పల్లవి ఎక్కడ మొదలవుతుందో, గొంతు ఎక్కడ వస్తుందో నేనే పెట్టుకుంటాను. ముఖ్యంగా గొంతు వచ్చే చోటుకు ఎర్ర రంగు పెడతాను, రెండు గొంతులు ఒకేసారి మోగడం కంటే ఘోరం ఇంకోటి లేదు. కీ ఎంత కలిసినా అది కలవదు.

వాడకంలో నాకు నిజంగా ఉపయోగపడింది ప్లేలిస్ట్ తయారీలో. ఫంక్షన్‌కు ముందు రోజు పెళ్లివాళ్ళు పంపిన పాటల లిస్టు కీ వరసలో పెట్టి, అందులో మళ్ళీ బీపీఎం వరసలో పెట్టి చూస్తాను. వాళ్ళు వాట్సాప్‌లో పంపిన వరసలో ఏ రెండు పాటలూ కలవవు. ఇలా తిప్పి పెడితే 92లో 5ఎ, 95లో 6ఎ, 96లో 6బి, 100లో 7బి అని మెట్లలా ఒక దారి కనిపిస్తుంది. ఇదంతా చేత్తో చెయ్యాలంటే రాత్రంతా పట్టే పని. హైదరాబాద్ అయినా, ఖమ్మం అయినా రాత్రి పదింటికి సౌండ్ ఆపాలి. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన రూల్స్ ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లు బంద్. ముహూర్తం లేటు, భోజనాలు లేటు, అంతా అయ్యి ఫ్లోర్ మన చేతికి వచ్చేసరికి గంట కూడా మిగలదు. ఆ కొద్ది టైములో పాటలు నిమిషంన్నరకొకటి మారాలి. అప్పుడు లిస్టు ముందే సర్ది ఉంటే మనసు నిశ్చింతగా ఉంటుంది.

అయితే స్టేజి ఎక్కాక పిల్లాడొకడు వచ్చి ‘అన్నా, ఆ పాట వెయ్యన్నా, మా బావ కోసం’ అంటాడు. ఆ పాట 2ఎ, ఇప్పుడు మోగుతున్నది 8ఎ, చక్రంలో ఎదురెదురు. వాడికి చక్రం గురించి చెప్పి పంపిస్తామా? వేస్తాం. ఎకో పెట్టి మోగేదాన్ని తోసేసి కొత్తది మొదలుపెడతాం. బావ ఎగురుతాడు, అందరూ ఎగురుతారు. కీ నియమం అంటే రెండు రాగాలు ఒకదాని మీద ఒకటి పడ్డప్పటి మాట. పడకుండా చూసుకుంటే ఏ కీ నుంచి ఏ కీకైనా పోవచ్చు. ఈ మధ్య డీజే సాఫ్ట్‌వేర్లలో స్టెమ్స్ వచ్చాయి, పాటలోంచి గొంతు వేరు, వాయిద్యాలు వేరు చేసుకోవచ్చు. ఒక పాట గొంతును ఇంకో పాట వాయిద్యం మీద ఎక్కించే పని చేసేవాళ్ళకు మాత్రం కీ తప్పనిసరి, అక్కడ దాక్కునే చోటు లేదు.

నేను అనుకోని చోట ఇది ఒకసారి బాగా అక్కరకొచ్చింది. ఒక సంగీత్‌లో పెళ్లికూతురు పిన్నిగారు పాడతానన్నారు. కరోకే ట్రాక్ మగ గొంతుకు చేసింది. ‘బాబూ, నాది ఐదున్నర శ్రుతి, ఇందులో నేను పాడలేను’ అన్నారు. ట్రాక్ మీద 8బి అని రాసి ఉంది, అంటే సి, ఒకటో శ్రుతి. ఐదున్నర అంటే జి షార్ప్. పైకి పోతే ఎనిమిది మెట్లు, కిందికి పోతే నాలుగే. నా డీజే కంట్రోలర్ డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4లో కీ షిఫ్ట్ ప్యాడ్లు ఉన్నాయి, నాలుగు మెట్లు దించాను. బేస్ కొంచెం బండగా మోగింది కానీ ఆవిడ హాయిగా పాడారు, సంగతులు కూడా వేశారు. ట్యాగ్‌లో ఆ అంకె లేకపోతే అంతమంది ముందు నిలబడి ఒక్కో మెట్టూ నొక్కి వెతుక్కోవాల్సి వచ్చేది. పాటకచేరీలూ, కరోకే నైట్‌లూ చేసేవాళ్ళు ఈ కోణం కూడా చూసుకోండి.

ధర సంగతి. నేను కొన్నప్పుడు 58 డాలర్లు. కొనే రోజు ధర చూసుకోండి. కార్డు మీద అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ చేసుకోవాలి, బ్యాంకు మార్పిడి ఛార్జీ అదనం. నాకు ఒకసారి కట్టిందే, నెలనెలా చందా లేదు. చిన్న ఊళ్ళో ఒక హల్దీ ఈవెంట్‌కు వచ్చే దాంతో పోలిస్తే పెద్ద మొత్తం కాదు, కానీ కొత్తగా దిగిన కుర్రాడికి ఆ డబ్బుతో మంచి హెడ్‌ఫోన్ కొనుక్కోవడం మేలు.

పోటీ గురించి. రికార్డ్‌బాక్స్ కీ చూపిస్తుంది, మోగుతున్న పాటకు కలిసే పాటలను ఆకుపచ్చ రంగులో వెలిగిస్తుంది కూడా. సెరాటో, ట్రాక్టర్, వర్చువల్ డీజే, అన్నిటిలోనూ కీ ఉంది. డబ్బు అసలు పెట్టలేనివాళ్ళకు మిక్స్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పేరు చివర మూడు ఎక్స్‌లు పెడతారు, అదీ కీ కనిపెడుతుంది. 2006 నాటికి ఉన్న తేడా ఇప్పుడు లేదు. నాకు ‘మిక్స్‌డ్ ఇన్ కీ’లో నచ్చేది రెండు: ఏ డీజే సాఫ్ట్‌వేర్‌కు మారినా ట్యాగ్ నాతో వస్తుంది, రెండు కీలున్న పాటను రెండు కీలుగానే చూపిస్తుంది. ఈ రెండూ అక్కర్లేకపోతే కొనక్కర్లేదు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. మన రాగాలు తెలిసిన కీ డిటెక్టర్ ఎవరైనా చేస్తే మిగతా ఒకటిన్నర వాళ్ళకు దాచి ఉంచాను.

కొన్నవాళ్ళు ముందు లైబ్రరీ అంతా వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని అప్పుడు మొదలుపెట్టండి, ట్యాగులు మారతాయి కదా. తర్వాత రికార్డ్‌బాక్స్ సెట్టింగ్స్‌లో అనాలిసిస్ దగ్గర కీ అన్న టిక్కు తీసేయండి. తీయకపోతే పాటలు లోపలికి తెచ్చుకున్నప్పుడు అది మళ్ళీ తన లెక్క వేసి, మీరు సరిచేసుకున్న కీ స్థానంలో తన కీ పెట్టేస్తుంది.